మిక్సీకి దడుచుకునే మా బుడ్డోడు, ఇంటికొచ్చిన ట్రైనర్

మా కుక్కకు మిక్సీ భయం పోగొట్టడానికి ఇంటికొచ్చిన ట్రైనర్ గురించి ఇది. ముందు అతని రేటు చెప్పేస్తాను. మా వీధిలో నన్ను అడిగినవాళ్లంతా మొదట అడిగింది అదే. మొదటిసారి వచ్చి రెండు గంటలు కూర్చున్నందుకు 800 రూపాయలు. తర్వాత ఐదుసార్లు వచ్చాడు, ఒక్కోసారికి 500. మొత్తం 3,300. పెట్రోలు ఖర్చు అందులోనే. కాఫీ ఇస్తే తాగుతాడు, టిఫిన్ అంటే మొహమాటపడతాడు.

అనంతపురంలో కుక్కలకు కూర్చో, లే, చెయ్యివ్వు అని నేర్పేవాళ్లు ఉన్నారని తెలుసు గానీ, ఇంటికొచ్చి భయం సంగతి చూసేవాడు ఉన్నాడని మొన్నటిదాకా నాకు తెలియదు. ఈ అబ్బాయికి బోర్డు లేదు, ఆఫీసు లేదు. రాప్తాడు వైపు నుంచి బైకు మీద వస్తాడు. టౌన్లో కుక్కల మేత, గొలుసులు అమ్మే షాపులో అడిగితే నంబరిచ్చారు. పేరు రాయొద్దని అతనే చెప్పాడు. "ఒక్కసారిగా పదిమంది ఫోన్ చేస్తే నాతో కాదు సార్, ఇంటికాడ చేను కూడా చూసుకోవాల" అన్నాడు. కావాల్సినవాళ్లు నాలాగే షాపుల్లో అడిగి కనుక్కోండి.

మా కుక్క పేరు బుడ్డోడు. ఏ జాతి అని అడగొద్దు, మన వీధి జాతే. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి కాలనీలు మునిగినప్పుడు నీళ్లు మా గడప దాకా రాలేదు గానీ వీడు వచ్చాడు. చెప్పంత పిల్ల, ఒళ్లంతా బురద. హాల్లో మెట్ల కింద పాత గోనెసంచి మీద ముడుచుకుని పడుకున్నాడు. అదే వాడి గది అయిపోయింది. ఏడాదిన్నర వరకు ఏ బాధా లేదు. వీధిలో లారీ హారన్ కొట్టినా తల ఎత్తేవాడు కాదు.

2024 దసరా నాటికి పరిస్థితి ఎలా ఉందంటే, మా ఆవిడ మిక్సీ జార్ అరలోంచి తీస్తే చాలు, వీడు బాత్రూంలోకి దూరి బకెట్ వెనక నక్కేవాడు. మా ఇంట్లో మిక్సీ తిరగని పొద్దు ఉండదు. ఉగ్గాని చేస్తే పప్పుల పొడి కొట్టాలి, దోసె అయితే ఎర్రకారం, ఏమీ లేకపోతే చెనిక్కాయల చట్నీ. అంటే రోజుకు రెండుసార్లు వీడికి ప్రాణసంకటం. వణికేవాడు, రొప్పేవాడు, ఒక్కోసారి నిలబడిన చోటే తడిపేసేవాడు. మిక్సీ ఆగిన అరగంటకు గానీ బయటికి వచ్చేవాడు కాదు.

మేం మొదట చేసిన పని, సిగ్గుపడుతూ చెబుతున్నాను, వీడియో తీశాం. మనవడు తీశాడు, నేను ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. అందరం పడీపడీ నవ్వుకున్నాం.

తర్వాత డబ్బు తగలేయడం మొదలైంది. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి ఆన్‌లైన్లో ఒక కోటు పంపాడు. ఒంటికి బిగుతుగా చుడితే కుక్కకు ధైర్యం వస్తుందట. 1,450 రూపాయలు. కొన్ని కుక్కలకు పనిచేస్తుందేమో, నేను కాదనను. మన ఊరి ఎండకు మాత్రం అది కోటు కాదు, కుంపటి. వీడు బొమ్మలా నిలబడిపోయాడు, అదే ధైర్యం అనుకున్నాం. బెదిరి బిగుసుకుపోవడానికి, కుదురుగా ఉండటానికి తేడా మాకప్పుడు తెలియదు. ఆ తర్వాత మనసు నెమ్మదించే బిస్కెట్లని 600 పెట్టి తెప్పించాం. వీడు ఇష్టంగా తిన్నాడు, తిన్నాక పరిగెత్తాడు.

మూడోది ఇంకా ఘోరం. ఒకతను, ఎవరో చెప్పను, 4,000 అడ్వాన్స్ తీసుకుని వచ్చాడు. బుడ్డోడి గొలుసు పొట్టిగా పట్టుకుని వంటగట్టు పక్కనే నిలబెట్టి మిక్సీ ఆన్ చేయమన్నాడు. "పది నిమిషాలుంటే అలవాటైపోతాది" అన్నాడు. మా ఆవిడ మూడో నిమిషంలోనే స్విచ్ ఆపేసి, అతనికి వాకిలి చూపించింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమెకు అంత కోపం వచ్చింది నేను రెండుసార్లే చూశాను. ఆ రోజు నుంచి వీడు మిక్సీ శబ్దానికే కాదు, జార్ కడిగే చప్పుడుకు కూడా పరుగే. అడ్వాన్స్ తిరిగి రాలేదు.

అప్పుడు పశువుల డాక్టరుకు చూపించాం. చెవులు చూశాడు, నడుము, కాళ్ల కీళ్లు నొక్కి చూశాడు. ఎక్కడైనా నొప్పి ఉంటే శబ్దాల భయం ఎక్కువవుతుందట, అందుకే ముందు అది చూడాలన్నాడు. ఏమీ లేదు. మన నిద్రమాత్రలు ఇంత ముక్క వెయ్యకండి, మత్తుగా పడుకుంటుందేగానీ లోపలి భయం అలాగే ఉంటుంది అని కూడా హెచ్చరించాడు. నిజం చెప్పాలంటే నాకు ఆ ఆలోచన వచ్చింది.

ఇక ఈ అబ్బాయి విషయం. దీపావళి దాటాక నవంబరులో ఒక ఆదివారం వచ్చాడు. పది గంటలకు వస్తానని పన్నెండుంపావుకు వచ్చాడు, ఆ సంగతి తర్వాత చెబుతాను. లోపలికి రాగానే కుక్క ఎక్కడ అని అడగలేదు. నేల మీద గోడకు ఆనుకుని, పక్కకు తిరిగి కూర్చున్నాడు. బుడ్డోడు వచ్చి వాసన చూసినా పట్టించుకోలేదు. ఒక గంటసేపు మమ్మల్ని ప్రశ్నలు అడుగుతూనే ఉన్నాడు.

గ్రైండర్ వేస్తే ఏం చేస్తుంది? ఏమీ చేయడు, దాని పక్కనే నిద్రపోతాడు. వాషింగ్ మెషిన్? తిరిగేటప్పుడు పర్లేదు, అయిపోయాక టింగ్ టింగ్ అంటుంది చూడండి, అప్పుడు లేచిపోతాడు. బోరు మోటారు? పట్టించుకోడు. కుక్కర్? విజిల్ వస్తే పరుగు. మొదటిసారి మిక్సీకి భయపడింది ఎప్పుడు? ఇక్కడ మేమిద్దరం పోట్లాడుకున్నాం. నేను వినాయక చవితి అన్నాను, ఆమె కాదు, ఎండాకాలమే అంది. ఆమెదే నిజమని తర్వాత తేలింది.

అప్పుడతను మా ఆవిడతో, "అమ్మా, మిక్సీ వెయ్యొద్దు. జార్ ఊరికే అరలోంచి తీసి గట్టు మీద పెట్టండి, అంతే" అన్నాడు. ఆమె పెట్టింది. బుడ్డోడు చివాలున లేచాడు, చెవులు వెనక్కి పోయాయి, తోక కాళ్ల మధ్యకు పోయింది, బాత్రూంలోకి పరిగెత్తాడు. నాకు కనిపించింది అంతే. అతనికి ఇంకోటి కనిపించింది.

"సార్, లేచినాక అది వంటింటి దిక్కు చూడ్లేదు. మెట్ల దిక్కు చూసింది. ఆడేముంది?"

మెట్ల కింద ఇన్వర్టర్ ఉంది. 2024 ఏప్రిల్లో పెట్టించాం, వీడి గోనెసంచి పక్కకు జరిపి. వీడు అక్కడ పడుకోవడం మానేసింది కూడా అప్పుడే, ఎండకు చల్లటి బండల మీదికి పోతున్నాడులే అనుకున్నాం.

"కరెంటు పోతే ఏం చేస్తాది?"

బాత్రూంలోకి పోతాడు. చీకటికి భయమేమో అనుకున్నాం. ఈ మాట నోటితో చెబుతుంటేనే నాకు ఎక్కడో తేడా కొట్టింది. కుక్కకు చీకటి భయమేమిటి?

మా ఆవిడను బుడ్డోడితో వీధి చివరిదాకా నడిచి రమ్మన్నాడు. వాళ్లు మలుపు తిరిగేదాకా ఆగి, మెయిన్ ఆపి, ఇన్వర్టర్ మీద మిక్సీ వేశాడు. రెండు క్షణాలు మామూలుగా తిరిగింది. మూడో క్షణం నుంచి మెట్ల కింద టీ టీ టీ టీ అని సూదుల్లాంటి శబ్దం.

సంగతేమంటే, మామూలుగా ఇన్వర్టర్‌కు ఫ్యాన్లు, లైట్లు మాత్రమే ఇస్తారు. మా ఇంట్లో వంటింటి సాకెట్ కూడా దానికే కలిపి ఉంది. కరెంటు పోయినా చట్నీ ఆగకూడదని ఎలక్ట్రీషియన్‌తో పట్టుబట్టి అలా చేయించిన తెలివి నాదే. 750 వాట్ల మిక్సీకి తోడు మూడు ఫ్యాన్లు తిరుగుతుంటే ఆ చిన్న ఇన్వర్టర్ మొయ్యలేక ఓవర్‌లోడ్ అని అరిచేది. ఎండాకాలం పొద్దున కరెంటు పోయినప్పుడల్లా ముందు మిక్సీ, వెంటనే వాడి పక్క దగ్గరే ఆ అరుపు. అలా ఎన్నిసార్లు జరిగిందో, పది అనుకోండి. ఆ తర్వాత కరెంటు ఉన్నా, బీప్ రాకపోయినా, మిక్సీ అంటే చాలు.

"మిక్సీని మీరు ఊరికే తిడతాండారు సార్. అది దీనికి తెచ్చే కబురు అంతే" అన్నాడు.

నేను 31 ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సోషల్ చెప్పి రిటైరైన మనిషిని. బీఈడీలో సైకాలజీ చదివాను. డీఎస్సీ రాసే పిల్లలకు పావ్లోవ్ శాస్త్రీయ నిబంధనం బట్టీ పట్టించాను, గంట కొట్టి ఆహారం పెడుతూ పోతే, కొన్నాళ్లకు గంట వింటేనే కుక్కకు లాలాజలం ఊరుతుందని. వాట్సన్ 1920లో చేసిన ప్రయోగం కూడా చెప్పేవాడిని. చిన్న పిల్లాడికి తెల్ల ఎలుకను చూపిస్తూ, వాడి వెనక ఇనుప కడ్డీని సుత్తితో కొడితే, వాడు కొన్నాళ్లకు చప్పుడు లేకపోయినా ఎలుకను చూసి ఏడ్చాడు. మా ఇంట్లో మిక్సీ ఆ ఎలుక, ఇన్వర్టర్ ఆ కడ్డీ. కుక్క మీద ప్రయోగం గురించి అన్నేళ్లు పాఠం చెప్పి, ఇంట్లో ఉన్న కుక్కను చదవలేకపోయాను. పదో తరగతి దాటని కుర్రాడు గోడకు ఆనుకుని కూర్చుని గంటలో చదివేశాడు. 800 రూపాయలు అక్కడికే చెల్లిపోయాయి అనుకున్నాను.

తర్వాత నేను కొంత చదివాను. 2021లో కాలిఫోర్నియాలోని డేవిస్ యూనివర్సిటీ వాళ్లు ఇంట్లోని శబ్దాలకు కుక్కలు ఎలా ఉంటాయో పరిశీలించారు. కుక్కలు పెంచేవాళ్లను అడిగారు, జనం నెట్‌లో పెట్టిన వీడియోలు కూడా చూశారు. వాక్యూమ్ క్లీనర్ లాగా ఆగకుండా గర్‌మనే బొంగురు శబ్దాల కంటే, బ్యాటరీ అయిపోతోందని పొగ అలారం మధ్యమధ్యలో చేసే కీచుమనే బీప్ లాంటివి కుక్కలను ఎక్కువగా బాధపెట్టే అవకాశం ఉందని తేల్చారు. మన చెవి 20,000 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతే కుక్క చెవి 45,000 దాకా వింటుంది. గ్రైండర్ పక్కన నిద్రపోయి వాషింగ్ మెషిన్ టింగ్ అనగానే లేచిపోయేవాడి లెక్క అప్పుడు కుదిరింది. ఆ పరిశోధనలో ఇంకో మాట ఉంది. వీడియోల్లో చాలామంది మనుషులు తమ కుక్క భయాన్ని గుర్తుపట్టలేదు, నవ్వుతున్నారు. ఫ్యామిలీ గ్రూపులో మా వీడియో తీసేశాను.

మొదటి పని వైరింగ్. ఎలక్ట్రీషియన్ 350 తీసుకుని వంటింటి సాకెట్‌ను ఇన్వర్టర్ లైన్ నుంచి తప్పించాడు. ఇన్వర్టర్‌ను పైపోర్షన్ మెట్ల దగ్గరికి, గాలి తగిలే చోటికి మార్చాం. కొన్ని ఇన్వర్టర్లకు శబ్దం ఆపే మీట ఉంటుంది, మాదానికి లేదు. గోనెసంచి తిరిగి మెట్ల కిందికి వచ్చింది. ఇంతటితో అయిపోయిందనుకున్నాను. అతను నవ్వాడు. బీప్ పోయినా మిక్సీ భయం ఒంట్లో మిగిలే ఉంటుంది, దాన్ని వేరేగా కడగాలి అన్నాడు.

ఆ కడిగే పని మనదే. ఈ సర్వీసు గురించి అందరూ ముందు తెలుసుకోవాల్సింది ఇదే. అతను వచ్చి కుక్కను బాగు చేసి వెళ్లడు. వారానికో పది రోజులకో వచ్చి, మనం చేసింది చూసి, తప్పులు దిద్ది, వచ్చే వారానికి హోంవర్క్ ఇచ్చి పోతాడు. రోజూ పొద్దున ఐదు నిమిషాలు, సాయంత్రం ఐదు నిమిషాలు కూర్చునే ఓపిక ఇంట్లో ఒక్కరికైనా లేకపోతే ఇతన్ని పిలవకండి, డబ్బు దండగ.

పద్ధతి చెప్పడానికి తేలిక. మిక్సీ శబ్దం వీడికి వినిపించీ వినిపించనంత చిన్నగా మొదలవ్వాలి. మొదలవ్వగానే నోటికి ఇష్టమైనది అందాలి. శబ్దం ఆగగానే తిండి ఆగాలి. వీడు బెదరనంత కాలం కొద్దికొద్దిగా పెంచాలి.

తిండి దగ్గరే మొదటి గొడవ. ఉడికించిన చికెన్ అన్నాడు, ఉప్పూ కారం లేకుండా. మా వంటింట్లోకి మాంసం రాదు. పన్నీరు ముక్కలు పెట్టాం, వీడు మర్యాదకు తిన్నాడు. "మర్యాదకు తినేది పనికిరాదు సార్, దానికోసం ప్రాణమిచ్చేలా ఉండాల" అన్నాడు. చివరికి పక్కింటి అక్క తన ఇంట్లో ఉడికించి డబ్బాలో పెట్టి గోడ మీదుగా ఇచ్చే ఏర్పాటు కుదిరింది. ఒక్కో ముక్క చిటికెన వేలి గోరంత. ఇంకో సంగతి, మేం పొద్దున ఉగ్గాని మిగిలితే వీడికి పెట్టేవాళ్లం. అందులో వేసే ఉల్లిగడ్డ కుక్కలకు విషమట, ద్రాక్షపళ్లు కూడా. అది విని ఇద్దరం తలలు పట్టుకున్నాం, ఎన్ని ప్లేట్లు పెట్టామో.

రెండో గొడవ నా తెలివిది. ముందు ముక్క పెట్టి, వాడు నములుతుండగా ఫోన్లో మిక్సీ రికార్డింగ్ వేసేవాడిని, భయం తెలియకుండా పోతుందని. నాలుగో రోజుకు చికెన్ డబ్బా మూత తీస్తేనే వాడు లేచిపోయాడు. చికెన్ వచ్చిందంటే మిక్సీ వస్తుందని అర్థం చేసుకున్నాడు, ఇంకేముంది! ముందు శబ్దం, తర్వాతే తిండి. ఈ వరస కూడా నేను బోర్డు మీద బొమ్మ గీసి చెప్పిందే. అతను ఏమీ అనలేదు గానీ, డబ్బా మార్చండి సార్ అన్నాడు. డబ్బా మార్చి మళ్లీ మొదలుపెట్టాం.

ఫోన్ రికార్డింగ్ వారమే వాడాలన్నాడు. ఫోన్ స్పీకరు నుంచి పై స్థాయి శబ్దాలు సరిగా రావు, కుక్కకు అది మిక్సీ లాగా వినిపించకపోవచ్చు, అలవాటైంది అనుకుని మోసపోతాం. అందుకే త్వరగా అసలు మిక్సీకి మారాం. ఖాళీగా ఉన్న పైపోర్షన్‌లో తలుపులు మూసి, మా ఆవిడ గుప్పెడు పప్పులు వేసి ఒక్క క్షణం తిప్పి ఆపేది. నేను కింద హాల్లో డబ్బాతో. ఆమెకు నాకు మధ్య ఫోన్లో "ఊ" అంటే తిప్పాలి. ఒక్కోసారి ఆమె ఫోన్ పక్కన పెట్టి మర్చిపోయేది, నేను ఇక్కడ ఊ ఊ అని మూలుగుతూ కూర్చునేవాడిని. రోజుకు పది తిప్పులు. తర్వాత ఒక క్షణం మూడయింది, మూడు ఎనిమిదయ్యాయి. తర్వాత మెట్ల మలుపు. తర్వాత మా వంటింట్లో తలుపు మూసి, మిక్సీ కింద మందపాటి రబ్బరు షీట్ వేసి. దాని వల్ల గట్టు అదురు తగ్గి చప్పుడు కొంత మెత్తబడింది. మిక్సీ మీద గుడ్డ కప్పొద్దన్నాడు, గాలి ఆడక మోటారు కాలిపోతుంది. ప్రతిసారీ బయటికి పోయే దారి తెరిచే ఉంచాలి, గొలుసు కట్టకూడదు. పోవాలనుకుంటే పోనివ్వాలి.

నేను హాజరు పట్టీ గీసినట్టు ఒక నోట్‌బుక్ పెట్టాను. తేదీ, ఎన్ని అడుగుల దూరం, ఎన్ని క్షణాలు, ఏ జార్, తోక ఎక్కడుంది. చట్నీ జార్ కంటే పెద్ద జార్‌కు వీడు తక్కువ బెదురుతాడని ఆ పుస్తకం వల్లే తెలిసింది. అతనికి అది భలే నచ్చింది, ఫోటోలు తీసుకున్నాడు. నాకు నేర్పిందల్లా తోక కంటే ముందు మూతి చూడమని. అవసరం లేకుండా మూతి నాక్కోవడం, నిద్ర రాకుండానే ఆవలించడం, ముక్కను వాసన చూసి వదిలెయ్యడం. ఇవి కనిపిస్తే అప్పటికే ఎక్కువ చేశామని అర్థం. పరుగు దాకా ఆగక్కర్లేదు. ఈ ఒక్క పాఠం తర్వాత మా ఇంట్లో బుడ్డోడి మూతిని చూసినంతగా ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. భయపడినప్పుడు దగ్గరికి తీసుకుంటే భయం అలవాటైపోతుందని నేను మా ఆవిడను కట్టడి చేశాను. పిల్లాడు పడితే చూడనట్టు ఉండాలంటాం కదా, అలా. "భయం అనేది వేషం కాదు కదా సార్, మెచ్చుకుంటే ఎక్కువ వెయ్యడానికి" అన్నాడు. దగ్గరికి వస్తే పట్టుకోండి, రాకపోతే వెంటపడకండి, అంతే. ఆ రోజు మా ఆవిడ నా వైపు చూసిన చూపుకు ఫీజు లేదు.

సంక్రాంతికి వెనకడుగు పడింది. ఇంటినిండా చుట్టాలు, ఓలిగలకు పూర్ణం, పిండి, పొడులు, మిక్సీ ఆగకుండా తిరుగుతోంది. పైపెచ్చు మా చెల్లెలి కొడుకు "రారా బుడ్డోడా, ఏం కాదు" అని వంటింట్లోకి ఎత్తుకొచ్చాడు. అయిపోయింది, బకెట్ వెనక. నేను ఏడు వారాల పుస్తకం చూసుకుని నీరుగారిపోయాను. ఫోన్ చేస్తే, "మొదటికి పోనక్కర్లేదు సార్, నాలుగు మెట్లు దిగండి. అది మర్చిపోలేదు, బెదిరింది అంతే" అన్నాడు. నిజంగానే పది రోజుల్లో మళ్లీ అక్కడికి వచ్చాం. పండగ రోజు వాణ్ని పైపోర్షన్‌లో రేడియో పెట్టి, ఒక ఎముక ఇచ్చి ఉంచి ఉంటే సరిపోయేది. అది కూడా మొదటి రోజే చెప్పాడు, మేమే మరిచాం.

ఇప్పుడు లోపాలు. టైము అనేది ఇతని దగ్గర లేదు. ఆరుసార్లలో చెప్పిన వేళకు ఒక్కసారి వచ్చాడు. చేలో చెనిక్కాయ పని అని రెండుసార్లు ఆ రోజు పొద్దునే రానన్నాడు. కాగితం మీద ఏమీ ఇవ్వడు, అంతా నోటిమాట. నేను టీచర్ని కాబట్టి రాసుకున్నాను, అందరూ రాసుకోరు. రసీదు అడిగితే ఫోన్‌పేలో ఉంది కదా సార్ అంటాడు. ముందు డాక్టరుకు చూపించారా అని మొదటి ఫోన్లోనే అడిగి ఉండాల్సింది, నేను చెప్పేదాకా అడగలేదు.

అన్నిటికంటే పెద్దది కుక్కర్. సంక్రాంతికల్లా దాని భయం కూడా పోగొడదాం అన్నాడు. పోలేదు. మిక్సీని క్షణం తిప్పి ఆపొచ్చు, విజిల్‌ను సగం ఊదించలేం కదా. ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చిందంటే పూర్తిగా వస్తుంది. అది తెలిసి కూడా మాట ఇవ్వకూడదు. మూడో విజిట్‌లో దూరంగా పైపోర్షన్‌లో కుక్కర్ పెట్టి ప్రయత్నించాం, నాలుగో విజిట్‌కు అతనే ఆపేశాడు. "దీనికి నా దగ్గర మందు లేదమ్మా, విజిల్ ముందు పైకి పంపించండి" అన్నాడు. ఒప్పుకున్నందుకు నాకు కోపం పోయింది గానీ మార్కు మాత్రం తగ్గిస్తాను. ఇప్పుడు మా ఇంట్లో అన్నం గిన్నెలో ఎసరు పెట్టి గంజి వంచుతున్నారు. పప్పు కుక్కర్లోనే, స్టవ్ అంటించగానే వాడు పైకి వెళ్లి ఎముకతో కూర్చుంటాడు. ఈ మధ్య స్టవ్ లైటర్ చప్పుడు వినగానే తనంతట తానే మెట్లెక్కుతున్నాడు. అది భయమో ఎముక మీద ఆశో మేమింకా తేల్చుకోలేదు.

ఐదుకు నాలుగిస్తాను. పోయిన ఒకటి కుక్కర్‌కు అర, టైముకు అర.

ఈ పొద్దున ఉగ్గానికి పప్పుల పొడి కొట్టేటప్పుడు బుడ్డోడు వంటింటి గడప మీద గడ్డం పెట్టుకుని పడుకున్నాడు, ఆమె కాళ్లకు నాలుగడుగుల దూరంలో. చెవి ఒకటి కదిలింది, రెండోది కదల్లేదు. డబ్బా నా చేతిలోనే ఉంది గానీ పేపరు చదువుతూ మర్చిపోయాను. మిక్సీ ఆగాక ఒకసారి గట్టిగా మొరిగాడు, బాకీ ఉన్నట్టు. ఇక ఇన్వర్టర్ బీప్ ఒకటి మిగిలింది, పైనుంచి సన్నగా వినిపిస్తే ఇప్పటికీ వీడు మూతి నాక్కుంటాడు. దానికి అతన్ని వచ్చే ఆదివారం పదింటికి రమ్మన్నాను. పక్కింటి అక్కకు మాత్రం చికెన్ పన్నెండు తర్వాత ఉడికించమని చెప్పాను.